బొమ్మ లేని బొమ్మల తిరుగుబాటు

ఆ ఫొటోలో పద్నాలుగు మంది మగవాళ్లు, ఒకే ఒక్క మహిళ. దాదాపు అందరూ కోటు తొడుక్కుని, టై కట్టుకుని, కెమెరా వైపు సూటిగా చూస్తున్నారు. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. ఏదో బ్యాంకు డైరెక్టర్ల బోర్డు అని చెప్పినా నమ్మేయొచ్చు. అందరికన్నా వెనక, ఓ బల్లమీద నిలబడి ఎత్తుగా కనిపించే ఆవిడ పేరు హెడా స్టెర్న్. రుమేనియాలో పుట్టి, యుద్ధకాలంలో అమెరికా చేరిన చిత్రకారిణి. 1950 నవంబర్ 24న న్యూయార్క్‌లో నీనా లీన్ తీసిన ఈ ఫొటో 1951 జనవరి 15 నాటి ‘లైఫ్’ పత్రికలో అచ్చయింది. ఆధునిక అమెరికా చిత్రకళ గురించి ఏ పుస్తకం తిరగేసినా ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

వాళ్లు పత్రికకెక్కడానికి కారణం ఒక ఉత్తరం. మెట్రోపాలిటన్ మ్యూజియం ఆనాటి అమెరికా చిత్రకళ మీద పెద్ద పోటీ ప్రదర్శన ప్రకటించింది. ఎంపిక కమిటీల్లో ఉన్నవాళ్లకు కొత్త కళంటే పడదని, అలాంటి చోటికి తమ చిత్రాలు పంపేది లేదని 18 మంది చిత్రకారులు మ్యూజియం అధ్యక్షుడు రోలండ్ రెడ్మండ్‌కు బహిరంగ లేఖ రాశారు. పదిమంది శిల్పులు వంతపాడారు. 1950 మే 22న ‘న్యూయార్క్ టైమ్స్’ దాన్ని మొదటి పేజీలో వేసింది. ‘హెరాల్డ్ ట్రిబ్యూన్’ సంపాదకీయం రాసి, వీళ్లను ముక్కోపి పద్దెనిమిదిమంది అని దెప్పిపొడిచింది. ఆ పేరే చరిత్రలో నిలిచిపోయింది. మ్యూజియం మెట్లమీద, తలా ఒక చిత్రం పట్టుకుని నిలబడితే ఫొటో తీస్తామని ‘లైఫ్’ వాళ్లు అడిగారు. అలా నిలబడితే లోపలికి రానివ్వండని బతిమాలుకున్నట్టు ఉంటుందని వీళ్లు ససేమిరా అన్నారు. అందుకే ఫొటో స్టూడియోలో తీయాల్సి వచ్చింది.

జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో, బార్నెట్ న్యూమన్, విలెమ్ డి కూనింగ్, రాబర్ట్ మదర్‌వెల్, యాడ్ రైన్‌హార్ట్, క్లిఫర్డ్ స్టిల్... ఇవాళ ఈ పేర్లలో ఏది వినపడినా వేలంపాటలో కోట్ల డాలర్లు పలుకుతుంది. ఆనాడు వీళ్లలో చాలామందికి అద్దె కట్టడమే గగనం.

వీళ్ల చిత్రాల్లో నినాదాలు కనిపించవు. బిగించిన పిడికిళ్లు, ఎగిరే జెండాలు ఉండవు. చాలామటుకు మనిషి ఆకారమే ఉండదు. అయినా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పుట్టిన సాంస్కృతిక తిరుగుబాట్లలో మొదటి వరసలో నిలిచేదీ, అన్నిటికన్నా మొండిదీ ఇదే. బీట్ కవుల గొంతు లేవకముందే, రాక్ సంగీతం ఇళ్లలోకి రాకముందే, అరవైల నాటి విద్యార్థులు వీధుల్లోకి దిగకముందే కాన్వాసు మీద అది జరిగింది. చిత్రంలో ఏముందని వెతికితే ఆ తిరుగుబాటు దొరకదు. చిత్రం ఎలా తయారైంది, దాన్ని వేసినవాళ్లు వేటిని కాదన్నారు అని చూస్తే దొరుకుతుంది.

సర్కారు జీతం, తూకానికి అమ్ముడైన కాన్వాసులు

వీళ్లలో చాలామంది కలవారి బిడ్డలు కారు. రోత్కో నేటి లాత్వియాలోని ద్విన్స్క్‌లో యూదు కుటుంబంలో పుట్టి, పదేళ్ల వయసులో అమెరికా చేరాడు. డి కూనింగ్ 1926లో రోటర్‌డామ్‌లో ఓడెక్కి, టికెట్ లేకుండా దాక్కుని వచ్చాడు. వచ్చిన కొత్తలో ఇళ్లకు సున్నాలు, రంగులు వేసి బతికాడు. పొలాక్ 1912లో వయోమింగ్ రాష్ట్రంలోని కోడీలో పుట్టాడు. ఎక్కడా స్థిరపడని సేద్యం వెంట అరిజోనా, కాలిఫోర్నియాలు తిరిగిన కుటుంబం అతనిది. తర్వాత పొలాక్ భార్య అయిన చిత్రకారిణి లీ క్రాస్నర్‌ది రష్యన్ యూదు వలస కుటుంబం. బ్రూక్లిన్‌లో పుట్టింది.

1930ల మహామాంద్యంలో ఇలాంటివాళ్లకు అన్నం పెట్టింది ప్రభుత్వమే. రూజ్‌వెల్ట్ సర్కారు 1935లో ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టి, చిత్రకారులను ఉపాధి పథకం కింద చేర్చుకుంది. వారానికి సుమారు 24 డాలర్లు చేతికొచ్చేవి. బదులుగా చిత్రాలు వేసి అప్పగించాలి. పొలాక్, క్రాస్నర్, రోత్కో అందరూ ఈ జీతం మీద బతికినవాళ్లే. అమెరికా పౌరసత్వం లేనందున డి కూనింగ్ 1937లో తప్పుకోవాల్సి వచ్చింది. డబ్బు కొద్దిపాటిదే. కానీ దాని విలువ వేరే చోట ఉంది. కొనేవాడు లేకపోయినా రోజంతా రంగులతో గడపవచ్చన్న ధైర్యం ఇచ్చింది. ఒకరినొకరు ఎరుగని వందలమందిని ఒక ముఠాగా చేసింది. ఆ తర్వాతి పదేళ్లలో న్యూయార్క్‌లో పుట్టిన కళకు పునాది ఆ ఉపాధి పథకంలోనే పడింది.

1943లో పథకం మూతపడ్డాక గిడ్డంగుల్లో మిగిలిన కాన్వాసులను ప్రభుత్వం పాత సామాను కింద తూకానికి అమ్మేసింది. నీటి గొట్టాలకు చుట్టడానికి పనికొస్తాయని కొన్నారు. అవి పనికిరాక, కెనాల్ స్ట్రీట్‌లోని ఓ పాత పుస్తకాల కొట్టుకు చేరాయి. సంగతి తెలిసిన చిత్రకారులు పరుగెత్తుకెళ్లి, తమ చిత్రాలను తామే డబ్బులిచ్చి కొనుక్కున్నారు.

బొమ్మను ఎందుకు వదిలేశారు?

పొలాక్ గురువు థామస్ హార్ట్ బెంటన్. అమెరికా పల్లెలు, పొలాలు, రైళ్లు, కండలు తిరిగిన కూలీలు... ఇదీ ఆయన లోకం. మంచి చేయి. దేశమంటే ఇదీ అని గోడల నిండా చూపించినవాడు. మరోవైపు సోవియట్ తరహా వాస్తవికత ఉంది. ట్రాక్టర్లు, గోధుమ కంకులు, నవ్వే కార్మికులు. వామపక్ష సభలకు వెళ్లే న్యూయార్క్ యువ చిత్రకారులకు ఆ దారీ తెలుసు. 1936–38 నాటి మాస్కో విచారణలు, 1939లో హిట్లర్‌తో స్టాలిన్ ఒప్పందం చూశాక ఆ దారిమీద చాలామందికి మనసు విరిగింది.

తర్వాత యుద్ధం వచ్చింది. నిర్బంధ శిబిరాల ఫొటోలు వచ్చాయి. హిరోషిమా జరిగింది. మనిషి బొమ్మను ఇంతకుముందులాగా గీయడం సాధ్యమేనా అన్న ప్రశ్న న్యూమన్, రోత్కో, లేఖ రాసినవాళ్లలో ఒకడైన గాట్లీబ్ లాంటివాళ్లను నిజంగానే తొలిచింది. యూదు కుటుంబాల నుంచి వచ్చిన ఈ ముగ్గురికీ ఐరోపాలో జరిగింది పరాయి వార్త కాదు.

ఇంకో సంగతీ ఉంది. యుద్ధం గెలిచిన అమెరికాలో బొమ్మలకు కొదవ లేదు. పత్రికల్లో సబ్బు ప్రకటనలు, ఫ్రిజ్ పక్కన నిలబడి చిరునవ్వు చిందించే గృహిణులు, కొత్త కారు చుట్టూ చేరిన కుటుంబాలు. 1947లో న్యూయార్క్ శివారు లెవిట్‌టౌన్‌లో అచ్చుగుద్దినట్టు ఒకే రకం ఇళ్లు లేవడం మొదలైంది. అదే ఏడాది ట్రూమన్ ప్రభుత్వోద్యోగుల విధేయత పరీక్షకు ఆదేశాలిచ్చాడు. అనుమానితుల జాబితాలు తయారయ్యాయి. ఎలా బతకాలో, ఏం కొనాలో, ఎవరిని ద్వేషించాలో బొమ్మలు వేసి మరీ చెబుతున్న దేశంలో బొమ్మే వేయనని మొరాయించడం చిన్న సంగతేం కాదు.

కొట్టం నేలమీద

1945 నవంబర్‌లో పొలాక్, క్రాస్నర్ దంపతులు న్యూయార్క్ వదిలి, లాంగ్ ఐలాండ్ చివర్న ఉన్న స్ప్రింగ్స్ అనే పల్లెకు మారారు. ఇంటి ధర 5,000 డాలర్లు. బయానా కోసం 2,000 డాలర్లు అప్పిచ్చింది గ్యాలరీ యజమానురాలు పెగీ గుగెన్‌హైమ్. ఇంటి వెనకున్న చెక్క కొట్టాన్ని పక్కకు జరిపించి పొలాక్ స్టూడియో చేసుకున్నాడు. అందులో కరెంటు దీపం లేదు, చలి కాచుకునే ఏర్పాటూ లేదు. పగటి వెలుతురులో పని చేయాల్సిందే.

1947లో ఆ కొట్టంలోనే అతను కాన్వాసును గోడ మీంచి దించి నేలమీద పరిచాడు. ఇంటి తలుపులకు, గోడలకు వేసే ఎనామిల్ పెయింటు డబ్బాలు తెచ్చాడు. అల్యూమినియం రంగు తెచ్చాడు. గట్టిపడిన కుంచెలు, కర్రపుల్లలు ముంచి, కాన్వాసును తాకకుండా పైనుంచి ధారగా వదిలాడు. మన వాకిట్లో ముగ్గు వేసే చేతివేళ్లు నేలను తాకకుండానే గీత లాగినట్టు. పలచటి రంగైతే ఎంత ఎత్తు నుంచి వదలాలి, చిక్కటిదైతే చేయి ఎంత వేగంగా కదలాలి అన్నది నెలల తరబడి సాధన మీద పట్టుబడిన విద్య. నాలుగు పక్కలనుంచీ తిరుగుతూ, ఒక్కోసారి కాన్వాసు మీదికే అడుగుపెట్టి వేసేవాడు. నైరుతి అమెరికాలోని నవహో తెగవాళ్లు రంగు ఇసుకతో నేలమీద వేసే చిత్రాలను తాను చూశానని, ఆ పద్ధతి తన మనసులో ఉందని అతనే చెప్పుకున్నాడు.

ఆ విద్యకు ఇంకో గురువూ ఉన్నాడు. మెక్సికో కమ్యూనిస్టు చిత్రకారుడు డేవిడ్ సికెయిరోస్. 1936లో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్ దగ్గర అతను ప్రయోగశాల లాంటి వర్క్‌షాపు నడిపాడు. కార్లకు వేసే రంగులను పలకల మీద ఒలకబోయడం, చిమ్మడం, మేడే ఊరేగింపు కోసం భారీ బొమ్మలు చేయడం అక్కడి పని. ఇరవై నాలుగేళ్ల పొలాక్ అందులో పనిచేశాడు. తర్వాతి కాలంలో అమెరికా స్వేచ్ఛకు గుర్తుగా ప్రపంచమంతా తిప్పిన ఆ ధారల వెనుక మేడే ఊరేగింపు రంగు డబ్బాలు ఉన్నాయి.

1947 నాటి ‘ఫుల్ ఫాథమ్ ఫైవ్’ న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. నాలుగడుగుల పైచిలుకు ఎత్తున్న నిలువు చిత్రం. దూరం నుంచి చూస్తే పచ్చటి సముద్రపు అడుగు. మొహం దగ్గర పెట్టి చూస్తే రంగు గుజ్జులో కూరుకుపోయిన మేకులు, చొక్కా గుండీలు, అగ్గిపుల్లలు, సిగరెట్లు, నాణేలు, ఓ తాళంచెవి కనిపిస్తాయి. రోజూ జేబులో ఉండే చిల్లరమల్లర అంతా చిత్రంలోకి జారిపోయింది. షేక్‌స్పియర్ నాటకంలోంచి ఆ పేరు ఎంచి ఇచ్చింది పొరుగున ఉండే ఓ అనువాదకుడు. మరుసటి ఏడాదికల్లా పొలాక్ పేర్లు పెట్టడమే తగ్గించేసి, నంబర్లు వేయడం మొదలుపెట్టాడు. పేరుంటే జనం ఆ పేరుకు తగిన బొమ్మ వెతుక్కుంటారని, ముందు రంగును చూడమని అతని ఉద్దేశం.

1950లో వేసిన ‘ఆటమ్ రిథమ్’ మరో ఎత్తు. పదిహేడడుగులకు పైగా వెడల్పు, తొమ్మిదడుగులకు కాస్త తక్కువ ఎత్తు. అస్తరు వేయని ముతక కాన్వాసు. ముందు నల్లటి గీతలు, వాటిమీద గోధుమ, తెలుపు. పలచగా పడ్డచోట నలుపు గుడ్డలోకి ఇంకి మరకలా విస్తరించింది. చిక్కగా పడ్డచోట మెరుస్తూ గీతగా నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టి చూడాలో చెప్పే కేంద్రమంటూ లేదు. రాజు, దేవుడు, కథానాయకుడు నడిమధ్య నిలబడే వందల ఏళ్ల పద్ధతికి ఇక్కడ నీళ్లొదిలారు. ఏ మూలా ఏ మూలకన్నా ముఖ్యం కాదు. చిత్రంలో కథ లేకపోయినా ఈ సమానత్వం కంటికి ఆనుతుంది.

1949 ఆగస్టు 8న ‘లైఫ్’ పత్రిక పొలాక్ మీద పెద్ద కథనం వేసింది. అమెరికాలో ఇప్పుడు బతికున్న చిత్రకారుల్లో ఇతనే గొప్పవాడా అన్న ప్రశ్నే దాని శీర్షిక. మరుసటి ఏడాది ఫొటోగ్రాఫర్ హాన్స్ నమూత్ కొట్టంలో అతను పనిచేస్తుండగా ఫొటోలు, సినిమా తీశాడు. నల్ల టీషర్టు, నోట్లో సిగరెట్, కాన్వాసు చుట్టూ నాట్యంలాంటి కదలిక. ఆ ఫొటోలు చూసిన కుర్రకారుకు చిత్రం ఒక వస్తువుగా కాక జరిగే పనిగా తోచింది. 1961లో విడుదలైన ఆర్నెట్ కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్ అట్టమీద పొలాక్ చిత్రం ‘వైట్ లైట్’ ఉంటుంది. పొలాక్ సొంతంగా వినేది పాతతరం జాజ్. అయినా కొత్తతరం వాద్యకారులు తమ బంధువును గుర్తుపట్టారు.

పొలాక్ పని అదుపు లేనిదని చాలామంది అనుకున్నారు. గుగెన్‌హైమ్ ఇంటికోసం 1943లో వేసిన ఇరవై అడుగుల ‘మ్యూరల్’ ఒక్క రాత్రిలో పూర్తయిందన్న కథ ఏళ్ల తరబడి చలామణీ అయింది. లాస్ ఏంజలిస్‌లోని గెటీ సంస్థ నిపుణులు దాన్ని పరీక్షించినప్పుడు కింది పొర ఆరాక పైపొర వేసిన ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ రంగులు అంత త్వరగా ఆరేవి కావు. రోజులూ వారాలూ పట్టిన పని అది.

రోత్కో దారి పూర్తిగా వేరు. పలచటి పొర మీద పలచటి పొర. లండన్ టేట్ గ్యాలరీ నిపుణులు అతని చిత్రాల్లో గుడ్డు, జిగురు, రెజిన్ కలిపిన ఆనవాళ్లు కనుగొన్నారు. న్యూమన్ ఎర్రటి మైదానం లాంటి కాన్వాసును సన్నటి నిలువు గీతలతో చీల్చాడు. పద్దెనిమిది అడుగుల చిత్రాన్ని 1951లో ప్రదర్శనకు పెట్టి, పెద్ద చిత్రాలను దూరం నుంచి చూడటం అలవాటు, వీటిని మాత్రం దగ్గరగా నిలబడి చూడండని గోడమీద కాగితం అంటించాడు. అప్పుడు చిత్రం అంచులు కనిపించవు. చూసేవాడు ఎరుపులో మునిగిపోతాడు. పైకి ప్రశాంతంగా కనిపించే న్యూమన్ రాజకీయంగా అరాచకవాది. 1933లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ కూడా చేశాడు.

రెండు వైపుల నుంచీ తిట్లు

ప్రభుత్వానికి ఈ కళ ఎంత మింగుడుపడలేదో తెలియాలంటే 1946 నాటి ఓ ప్రయత్నాన్ని గుర్తు చేసుకోవాలి. అమెరికా విదేశాంగ శాఖ 49,000 డాలర్లు పెట్టి 79 తైలవర్ణ చిత్రాలు కొని, ‘అడ్వాన్సింగ్ అమెరికన్ ఆర్ట్’ పేరుతో విదేశాలకు పంపింది. పొలాక్ తరహా ధారలు అందులో లేవు. జార్జియా ఓకీఫ్, బెన్ షాన్, జేకబ్ లారెన్స్, యసువో కునియోషి లాంటివాళ్ల ఆధునిక చిత్రాలు మాత్రమే. అయినా పత్రికలు మీ పన్ను డబ్బులు ఇలా తగలేస్తున్నారని బొమ్మలతో సహా వేశాయి. కునియోషి వేసిన సర్కస్ అమ్మాయి చిత్రాన్ని అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా గేలిచేశాడు. 1947లో ప్రదర్శన సగం చెకోస్లొవేకియాలో, సగం హైతీలో ఉండగా వెనక్కి రప్పించారు. 1948లో యుద్ధానికి వాడి మిగిలిన సామాను అమ్మే శాఖ ద్వారా ఆ చిత్రాలను విద్యాసంస్థలకు 95 శాతం తగ్గింపుతో వదిలించుకున్నారు. అలబామాలోని ఓ కాలేజీకి 36 చిత్రాలు 1,072 డాలర్లకే దక్కాయి. అదే నేటి ఆబర్న్ విశ్వవిద్యాలయం. ఆ చిత్రాలే తర్వాత అక్కడి మ్యూజియానికి మూలధనమయ్యాయి.

మిషిగన్ నుంచి ఎన్నికైన జార్జ్ డాండెరో మరీ ముందుకెళ్లాడు. 1949 ఆగస్టు 16న అమెరికా ప్రతినిధుల సభలో నిలబడి, క్యూబిజం మొదలు నైరూప్యకళ దాకా పేరుపేరునా చదివి, ఇవన్నీ దేశాన్ని కూల్చడానికి కమ్యూనిస్టులు ప్రయోగించిన ఆయుధాలన్నాడు. అదే సమయంలో మాస్కోలో సోవియట్ అధికారులు ఇదే కళను బూర్జువా కుళ్లు అంటున్నారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1937లో మ్యూనిక్‌లో నాజీలు ఆధునిక చిత్రాలను భ్రష్టకళ అని పేరుపెట్టి ఊరేగించారు. ముగ్గురూ ఒకరికొకరు పగవాళ్లు. అయినా ముగ్గుర్నీ ఇది ఒకేలా కలవరపెట్టింది. ఏం చెప్పాలో అదుపు చేయలేని కళను చూస్తే అధికారానికి కలిగే భయమిది.

పదేళ్లు తిరక్కుండానే లెక్క మారిపోయింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం పూనుకుని ‘ది న్యూ అమెరికన్ పెయింటింగ్’ ప్రదర్శనను 1958–59లో బాజెల్, మిలాన్, మాడ్రిడ్, పశ్చిమ బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రసెల్స్, పారిస్, లండన్ నగరాల్లో తిప్పింది. 17 మంది చిత్రకారులు. 1959లో మాస్కోలో జరిగిన అమెరికా జాతీయ ప్రదర్శనలోనైతే పొలాక్ ‘కెథీడ్రల్’నే వేలాడదీశారు. సోవియట్ పౌరులు దానిముందు గుమికూడి వాదించుకున్నారు.

మధ్యలో జరిగిందేమిటో 1960ల చివర్లో బయటపడింది. 1950లో పశ్చిమ బెర్లిన్‌లో మొదలైన ‘కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్’ అనే మేధావుల సంస్థకు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఇచ్చిందేనని 1966–67లో పత్రికలు రట్టు చేశాయి. సీఐఏలో ఇలాంటి సంస్థల వ్యవహారం చూసే విభాగాన్ని నడిపిన టామ్ బ్రాడెన్ అంతకుముందు ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నతోద్యోగి. 1974లో ‘ఆర్ట్‌ఫోరమ్’ పత్రికలో ఈవా కాక్‌క్రాఫ్ట్, 1999లో తన పుస్తకంలో ఫ్రాన్సిస్ స్టోనర్ సాండర్స్ ఈ పోగులన్నీ కలిపారు. ‘న్యూ అమెరికన్ పెయింటింగ్’ను లండన్‌కు తేవడానికి టేట్ గ్యాలరీ దగ్గర డబ్బు చాలనప్పుడు ఆదుకున్న దాత నడిపే ఫౌండేషన్ సీఐఏ నిధులకు ముసుగని సాండర్స్ రాసింది. సీఐఏ పాత్ర ఎంతవరకన్న దానిమీద చరిత్రకారుల మధ్య వాదన ఇంకా తెగలేదు.

దీన్నుంచి కొందరు తేల్చే మాట ఒకటుంది. ఆ కళంతా గూఢచారుల సృష్టేనని. అది నిలబడే మాట కాదు. పొలాక్ నేలమీద రంగు ధారలు వదలడం మొదలుపెట్టిన ఏడాదే సీఐఏ పుట్టింది. ఈ కళ వేర్లు అంతకు పదేళ్ల ముందరి ఉపాధి పథకంలో, సికెయిరోస్ వర్క్‌షాపులో, యుద్ధం మిగిల్చిన గాయంలో ఉన్నాయి. ప్రభుత్వం చేసిందల్లా కాయ పండాక కోసుకోవడం. అలాగని చిత్రకారులందరూ ఏమీ ఎరుగని అమాయకులనీ చెప్పలేం. మదర్‌వెల్ లాంటివాళ్లు ‘కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్’ అమెరికా శాఖలో సభ్యులుగా ఉన్నారు. మరోపక్క రైన్‌హార్ట్ మీద ఎఫ్‌బీఐ నిఘా పెట్టి ఫైలు తయారుచేసింది. ఒకే ఫొటోలో కూర్చున్నవాళ్లలోనే ఇన్ని దారులు.

ఢిల్లీకి, చిత్తూరుకు

ఈ ప్రచార యాత్రలు మన దేశాన్నీ తాకాయి. ఆధునిక కళా మ్యూజియం పంపిన ‘రెండు దశాబ్దాల అమెరికన్ చిత్రకళ’ ప్రదర్శన టోక్యో, క్యోటో మీదుగా 1967లో ఢిల్లీలోని లలిత కళా అకాడమీకి వచ్చింది. పొలాక్‌ను మొదట్నించీ భుజాన మోసిన విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ కూడా ప్రసంగాలకు వచ్చాడు.

అంతకన్నా దగ్గరి బంధం చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డిది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, యాభైల్లో పారిస్ వెళ్లి, స్టాన్లీ విలియం హేటర్ నడిపే ‘అటెలియే 17’ అనే ముద్రణ స్టూడియోలో చేరారు. యుద్ధకాలంలో ఐరోపా వదిలిన హేటర్ 1940 నుంచి పదేళ్లపాటు అదే స్టూడియోను న్యూయార్క్‌లో నడిపాడు. 1944–45లో పొలాక్ అక్కడే లోహపు పలకల మీద చెక్కడం నేర్చుకుని కొన్ని ముద్రలు వేశాడు. పారిస్‌కు తిరిగొచ్చిన ఆ స్టూడియోలో కృష్ణారెడ్డి, సహచరులు కలిసి సిరాల చిక్కదనంలో తేడా ఆధారంగా ఒకే పలక మీంచి ఒకేసారి ఎన్నో రంగులు ముద్రించే పద్ధతికి రూపమిచ్చారు. పలచటి సిరా ఎక్కిన చోట చిక్కటి సిరా పట్టదు. ఈ చిన్న సూత్రం మీదే ఆయన జీవితకాలపు పనంతా నడిచింది. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, తరాల కొద్దీ విద్యార్థులకు ఆ విద్య నేర్పి, 2018లో అక్కడే కన్నుమూశారు.

కాదన్న వాళ్లు, కాదనిపించుకున్న వాళ్లు

డబ్బు, పేరు వచ్చాక తిరుగుబాటు నిలుస్తుందా అన్నది ఈ తరానికి ఎదురైన అసలు పరీక్ష. రోత్కో విషయంలో అది ఓ హోటల్ రూపంలో వచ్చింది. 1958లో న్యూయార్క్ సీగ్రమ్ భవనంలో తెరవబోతున్న ‘ఫోర్ సీజన్స్’ రెస్టారెంట్ గోడలకు చిత్రాలు వేసే పని అతనికిచ్చారు. 35,000 డాలర్ల బేరం. ఓ పాత వ్యాయామశాల అద్దెకు తీసుకుని, ముదురు ఎరుపు, మెరూన్, నలుపుల్లో డజన్ల కొద్దీ చిత్రాలు వేశాడు. రెస్టారెంట్ తెరిచాక భార్యతో కలిసి అక్కడికి భోజనానికి వెళ్లాడు. అక్కడ తినే జనాన్ని, ఆ ధరలను చూసి ఇంటికొచ్చి, చిత్రాలు ఇవ్వనని ఫోన్ చేసి డబ్బు వాపసు చేశాడు. వాటిలో తొమ్మిదింటిని తర్వాత టేట్ గ్యాలరీకి ఉచితంగా ఇచ్చాడు. అవి లండన్ చేరిన 1970 ఫిబ్రవరి 25నే రోత్కో తన స్టూడియోలో ఆత్మహత్య చేసుకున్నాడు.

క్లిఫర్డ్ స్టిల్ 1951లోనే గ్యాలరీలతో తెగతెంపులు చేసుకున్నాడు. తన దగ్గరున్న చిత్రాలన్నీ వాటికోసమే ప్రత్యేకంగా మ్యూజియం కట్టే ఊరికే ఇవ్వాలని వీలునామా రాశాడు. 2011లో డెన్వర్‌లో అది తెరిచారు. 1968లో షికాగోలో డెమొక్రటిక్ పార్టీ సమావేశాల దగ్గర పోలీసులు యువకులను చావగొట్టినప్పుడు, అరవై దాటిన న్యూమన్ ఉక్కు చట్రంలో ముళ్లతీగ బిగించి, ఎర్రరంగు చిమ్మి, ఆ నగర మేయర్ డేలీ పేరు పెట్టి ప్రదర్శించాడు. పొలాక్ ఇవేవీ చూడలేదు. 1956 ఆగస్టు 11న తాగి కారు నడుపుతూ స్ప్రింగ్స్‌లోనే చనిపోయాడు. అప్పటికి 44 ఏళ్లు. మరుసటి ఏడాది మెట్రోపాలిటన్ మ్యూజియం ‘ఆటమ్ రిథమ్’ను 30,000 డాలర్లకు కొనుక్కుంది. ఏడేళ్ల కిందట బహిరంగ లేఖ అందుకున్న మ్యూజియమే అది.

ఇంతటి తిరుగుబాటుకూ ఒక పెద్ద గుడ్డితనం ఉంది. ‘లైఫ్’ ఫొటోలో ఒక్క మహిళే ఉండటం యాదృచ్ఛికం కాదు. లీ క్రాస్నర్ అందులో లేదు. పొలాక్ కొట్టం నిండా కాన్వాసులు పరుస్తుంటే, 1946–50 మధ్య ఆమె మేడమీది పడకగదిలో, అక్కడ పట్టేంత కాన్వాసుల మీద, దగ్గరదగ్గరగా అల్లిన చిన్నచిన్న గుర్తులతో ‘లిటిల్ ఇమేజ్’ చిత్రాలు వేసింది. భర్త పోయాక కొట్టంలోకి మారి, 1957లో పదిహేడడుగుల ‘ది సీజన్స్’ వేసింది. గులాబీ, పచ్చ రంగుల్లో కాయలు, పూరేకులు పగిలి పొంగినట్టుంటుంది. చేయి చాచడానికి చోటు దొరికాక ఏం జరిగిందో ఆ చిత్రమే చెబుతుంది. ఆధునిక కళా మ్యూజియం ఆమె జీవితకాలపు పనిని ప్రదర్శించింది 1984 డిసెంబర్‌లో. ఆమె ఆ జూన్‌లోనే చనిపోయింది. యూరప్ తిరిగిన ప్రదర్శనలోని 17 మందిలోనూ మహిళ ఒక్కరే, గ్రేస్ హార్టిగన్.

నార్మన్ లూయిస్ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1909లో హార్లెమ్‌లో పుట్టిన నల్లజాతి చిత్రకారుడు. ఉపాధి పథకంలో పనిచేశాడు. యుద్ధకాలంలో ఓడల కర్మాగారంలో కష్టపడ్డాడు. 1950 ఏప్రిల్‌లో స్టూడియో 35 అనే చోట మూడు రోజులు జరిగిన చర్చల్లోనే బహిరంగ లేఖ ఆలోచన పుట్టింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో లూయిస్ ఉన్నాడు. ఫొటోలో లేడు. 1955 కార్నెగీ అంతర్జాతీయ ప్రదర్శనలో అతని ‘మైగ్రేటింగ్ బర్డ్స్’ జనాదరణ బహుమతి గెలిచింది. 1956 వెనిస్ బినాలేకూ అతని చిత్రం వెళ్లింది. అయినా తోటివాళ్లకు వచ్చిన ధరలు, పేరు అతనికి రాలేదు.

తోటివాళ్లలో ఎక్కువమంది వదిలేసిన పని మాత్రం లూయిస్ చేశాడు. నైరూప్య చిత్రంలోకి వీధిని తెచ్చాడు. 1960 నాటి ‘అమెరికన్ టోటెమ్’లో నలుపు మధ్య నిలువుగా లేచిన తెల్లటి ఆకారం ఉంటుంది. దూరం నుంచి చూస్తే అందమైన స్తంభం. కాసేపు చూస్తే క్లూ క్లక్స్ క్లాన్ ముసుగు బయటపడుతుంది. అందులో మళ్లీ పుర్రెల్లాంటి, మొహాల్లాంటి రూపాలు. 1965 నాటి ‘ప్రొసెషనల్’లో నలుపు మీద తెల్లటి చిన్నచిన్న గీతలు బారుగా సాగుతాయి. సెల్మా పౌరహక్కుల యాత్ర జరిగిన సంవత్సరమది. బొమ్మ లేదనలేం, ఉందనీ అనలేం. అడుగులు మాత్రం వినిపిస్తాయి.

1969లో మెట్రోపాలిటన్ మ్యూజియం ‘న్యూయార్క్ చిత్రకళ, శిల్పం: 1940–1970’ పేరుతో బ్రహ్మాండమైన ప్రదర్శన పెట్టింది. ఒకప్పుడు గుమ్మం బయట నిలబడ్డవాళ్లంతా ఇప్పుడు గదుల నిండా ఉన్నారు. మొత్తం 43 మంది. వాళ్లలో మహిళ హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ ఒక్కతే. నల్లజాతి వాళ్లు ఒక్కరూ లేరు.

లూయిస్ అదే ఏడాది రొమేర్ బియర్డన్, ఎర్నెస్ట్ క్రిచ్లోలతో కలిసి న్యూయార్క్‌లో సొంతంగా ఓ గ్యాలరీ తెరిచాడు. 1839లో ‘అమిస్టాడ్’ ఓడలో బానిసల తిరుగుబాటు నడిపిన సింకే పేరు దానికి పెట్టారు. నల్లజాతి, ఇతర మైనారిటీ యువ చిత్రకారుల చిత్రాలకు గోడ ఇవ్వడం, గ్యాలరీ నడిపే పని నేర్పడం దాని పని. అది 2004 దాకా నడిచింది.